కిరాయితో పాటు చదువు గంటలూ లెక్కపెట్టండి

ఇంటర్ అయిపోయి, ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్‌లో డిగ్రీ సీటు ఖరారైన కొద్ది రోజులకే చాలామంది పల్లె పిల్లలు జీవితంలో తమ మొదటి ఒప్పందం చేసుకుంటారు. ఓనర్ తాళం తీసి రూము చూపిస్తాడు. నలుగురు దోస్తులు లోపలికి తొంగి చూస్తారు. “కిరాయెంతన్నా?” అని ఒకరు అడుగుతారు. ఆయన చెప్పిన అంకెను నాలుగుతో భాగించి సరే అంటారు. ఐదు నిమిషాల్లో తేలిపోయిన ఆ మాట మీద మూడేళ్ల చదువు నడవాలి.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలా రూముల్లో ఉండి చదువుకోవడం కొత్తేమీ కాదు. కరీంనగర్‌లో ఎస్సారార్ ప్రభుత్వ కళాశాల 1956లో వచ్చింది. 2008లో కరీంనగర్‌కు శాతవాహన విశ్వవిద్యాలయం, ఆదిలాబాద్‌కు రిమ్స్ వైద్య కళాశాల వచ్చాయి. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలూ ముక్కలై కొత్త జిల్లాలు ఏర్పడినా, పై చదువుకో పోటీ పరీక్షల కోచింగ్‌కో పిల్లలు ఇంకా పాత జిల్లా కేంద్రాల బాటే పడుతున్నారు. మంకమ్మతోట, జ్యోతినగర్, వావిలాలపల్లి, ఆదిలాబాద్ విద్యానగర్, రవీంద్రనగర్ వాడల్లో టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగే ఆ పిల్లల కోసమే ఈ అధ్యాయం.

రూము తీసుకునేటప్పుడు మీరు కొనుక్కునేది నాలుగు గోడలని అనుకోకండి. మీరు కొనుక్కునేది చదువుకోవడానికి దొరికే గంటలు, నిద్రపోవడానికి దొరికే గంటలు. ఆ లెక్క వేయడం వస్తే ఏ రూము చౌకో, ఏది ఖరీదో మీకే తెలుస్తుంది.

ముందు ప్రశ్న: అసలు రూము కావాలా?

దోస్తులంతా రూము తీసుకుంటున్నారని మీరూ తీసుకోవద్దు. మీ ముందు ఇంకో రెండు దారులున్నాయి.

ఒకటి, రోజూ ఇంటి నుంచి వచ్చి పోవడం. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంలో ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మగపిల్లలకు ఆర్టీసీ స్టూడెంట్ పాస్ ఉంది. మానకొండూరు నుంచో చొప్పదండి నుంచో కరీంనగర్ వచ్చే అమ్మాయి ఇంట్లో తిని, ఇంట్లో పడుకుని చదువుకోగలదు. హుజూరాబాద్ అవతలి ఊరైతే లెక్క మారుతుంది. ఒక్క హుజూరాబాద్ నుంచే సుమారు 40 కిలోమీటర్లు. ఊరి నుంచి రోడ్డుకు రావడం, బస్సు కోసం నిలబడటం, నిండిన బస్సులో నిల్చుని రావడం, సాయంత్రం మళ్లీ అదే. రానూపోనూ మూడు గంటలు పోతే నెలకు పాతిక కాలేజీ రోజుల్లో 75 గంటలు పోయినట్టు. టికెట్ ఖర్చు లేకపోయినా గంటల ఖర్చు ఉంది.

రెండోది, ప్రభుత్వ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు జిల్లా కేంద్రాల్లో ఉన్న ఈ హాస్టళ్లలో సీటు దొరికితే కిరాయి, వంట రెండూ మీ నెత్తిన ఉండవు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వైపు నుంచి వచ్చే గోండు, కొలాం పిల్లలు ఉట్నూరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)లో ముందు అడగాలి. హాస్టల్‌లో ఉంటున్నారా, ఇంటి నుంచి వస్తున్నారా అన్నదాన్ని బట్టి స్కాలర్‌షిప్ మెయింటెనెన్స్ ఫీజు కూడా మారుతుంది. కాబట్టి స్కాలర్‌షిప్ కోసం ఈపాస్ దరఖాస్తు నింపే ముందే ఎక్కడ ఉండాలో తేల్చుకోండి.

ఈ రెండూ కుదరకపోతేనే మూడోదైన రూముకు రండి.

రెండు కొలతలు

రూమును రెండు కొలతలతో తూచాలి. ఒకటి ఇంటివాళ్ల కష్టం, రెండోది మీ చదువు గంటలు.

2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. మీ వంతు కిరాయి నెలకు 1,500 అనుకుంటే, అది అమ్మ ఎండలో పని చేసిన దాదాపు ఐదు రోజులు. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే ఒక్క రూపాయి కూడా ఆలోచించకుండా ఖర్చు పెట్టరు.

అలాగని తక్కువ కిరాయి రూమే మంచిదని తేల్చేయకండి. ఇంకో రూముకు మీ వంతు 500 ఎక్కువ పడుతుంది. కానీ అది కాలేజీకి నడిచిపోయేంత దగ్గర. అక్కడ నల్లా కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, రాత్రి నిశ్శబ్దంగా ఉంటుంది. వీటన్నిటి వల్ల రోజుకు ఒక్క గంట మిగిలినా నెలకు 30 గంటలు. అంటే గంటకు 17 రూపాయలు కూడా పడదు. అమ్మ ఒకటిన్నర రోజు కష్టంతో మీకు నెలకు 30 గంటల చదువు దొరికితే అది మంచి బేరమే. ఆ గంటను ఫోన్‌లో పోగొట్టుకుంటే మాత్రం ఎక్కువ కిరాయి కట్టడానికి మీకు కారణం మిగలదు. లెక్క రెండు వైపులా నిజాయితీగా ఉండాలి.

ఒకే రూమును మూడు వేళల్లో చూడండి

ఓనర్ రమ్మన్న వేళకే వెళ్లి చూస్తే ఆ ఒక్క వేళ రూమే కనిపిస్తుంది. వీలైతే మూడుసార్లు వెళ్లండి.

మొదటిసారి మధ్యాహ్నం మూడు గంటలకు. మే నెలలో కరీంనగర్, పెద్దపల్లి వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. పై అంతస్తులో స్లాబు కింది రూము, పడమటి గోడకు ఎండ కొట్టే రూము, రేకుల రూము సాయంత్రం దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఎండాకాలం సెలవులుండవు, ఆ సెగలోనే కూర్చోవాలి. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసి పది నిమిషాలు కూర్చోండి. గోడ మీద చేయి పెట్టి చూడండి. ఎదురెదురుగా కిటికీలున్నాయా? మీద ఇంకో అంతస్తు ఉందా? స్లాబు మీద తెల్ల సున్నం వేయిస్తారా? సున్నం పూతకు పెద్ద ఖర్చు కాదు, దానితో లోపల వేడి తగ్గుతుంది. ఆ మాట ఓనర్‌ను అడగడానికి మొహమాటపడకండి.

రెండోసారి పొద్దున్నే ఆరింటికి. నీళ్ల సంగతి, బాత్రూం సంగతి అప్పుడే తెలుస్తుంది. కరీంనగర్ పట్టణానికి దిగువ మానేరు జలాశయం నుంచి నీళ్లొస్తాయి. మానేరు ఊరి పక్కనే ఉన్నా మీ రూము దాకా నీళ్లు రావాలంటే ఇంట్లో సంపు, మోటారు, ట్యాంకు సరిగా ఉండాలి. ఓనర్‌ను కాకుండా పక్క పోర్షన్ వాళ్లను అడగండి: “అక్కా, ఎండాకాలం నీళ్లకు తిప్పలైతదా? మోటరు ఎన్నిసార్లు ఏస్తరు?” ఒక బాత్రూంకు ఎంతమంది అన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఎనిమిది మందికి ఒకటే బాత్రూం అయితే, తలా పది నిమిషాలు వేసుకున్నా చివరివాడి వంతు వచ్చేసరికి గంటకు పైనే అవుతుంది. ఆ చివరివాడు మీరే కావచ్చు.

ఆదిలాబాద్‌లో పొద్దున వేళకు ఇంకో పరీక్ష ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడి చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. తలుపు సందులు, కిటికీ రెక్కలు చూడండి. వేడినీళ్లు ఎలా కాచుకోవాలో అడగండి. చాలామంది బకెట్లో హీటర్ రాడ్డు పెడతారు. ఎర్తింగ్ లేని ప్లగ్గులో రాడ్డు పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. మూడు రంధ్రాల సాకెట్ ఉందా, ఎర్త్ వైరు నిజంగా కలిపి ఉందా, షాకు కొడితే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ ఉందా అని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించండి. రాడ్డు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే బకెట్ ముట్టుకోవాలి.

మూడోసారి రాత్రి తొమ్మిదింటికి. గల్లీలో లైట్లు వెలుగుతున్నాయా, పక్కన ఫంక్షన్ హాలు ఉందా, కింద వర్క్‌షాపో వైన్స్ దుకాణమో ఉందా? ఆడపిల్లలు బస్టాండు నుంచో కోచింగ్ నుంచో రూము దాకా ఆ వేళకు నడిచి చూడాలి, తోడుగా ఇంటివాళ్లను తీసుకెళ్లండి. బాత్రూం లోపలే ఉందా, బయట వాకిట్లో ఉందా, లోపలి గడియ గట్టిగా ఉందా, గేటు ఎన్నింటికి వేస్తారు అన్నవి చిన్న ప్రశ్నలు కావు. భయంతో కూర్చున్న గంటలో చదువు ఎక్కదు.

వానాకాలం గురించి కూడా అడగండి. 2022 జూలైలో గోదావరి, రాళ్లవాగు పొంగినప్పుడు మంచిర్యాలలో కాలనీలకు కాలనీలే మునిగాయి. పుస్తకాలు, సర్టిఫికెట్లు కింద పెట్టుకునే విద్యార్థికి కింది అంతస్తు రూములో నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో తెలియాలి. స్లాబు మూలల్లో పసుపు మరకలుంటే కురుస్తుందని అర్థం. కొత్తగా సున్నం కొట్టిన మూలను ఇంకా జాగ్రత్తగా చూడండి.

మీటరు దగ్గర కాసేపు ఆగండి

కిరాయి తర్వాత ఎక్కువ తగాదాలు కరెంటు బిల్లు దగ్గరే వస్తాయి. కారణం మీటరు. పోర్షన్‌కు విడిగా మీటరుందా, ఇల్లంతటికీ ఒకటే మీటరా, లేక ఓనర్ పెట్టుకున్న సబ్ మీటరా అన్నది మొదటి రోజే తెలుసుకోవాలి.

తేడా ఎంతో చూడండి. 2022 ఏప్రిల్ నుంచి అమలైన రేట్ల ప్రకారం, నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయల చొప్పున, ఆ పైవి 3.10 చొప్పున పడతాయి. వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10, 201 నుంచి 300 దాకా 7.70. నాలుగు పోర్షన్లు తలా 65 యూనిట్లు వాడాయనుకుందాం. విడి మీటర్లుంటే ఒక్కో పోర్షన్‌కు వచ్చేది 144 రూపాయలు, నాలుగూ కలిపి 576. అదే 260 యూనిట్లు ఒకే మీటరు మీద తిరిగితే 1,482 రూపాయలు. మిగతా చార్జీలు పక్కన పెట్టినా, వాడుకున్న కరెంటు అదే అయినా బిల్లు రెండున్నర రెట్లయింది. కాబట్టి యూనిట్‌కు ఎంత తీసుకుంటారో ముందే అడగండి. “అన్నా, పోయిన నెల బిల్లు ఒక్కసారి చూపియ్యరా?” అనడం తప్పు కాదు.

గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితమన్నది కిరాయి ఇళ్లవాళ్లకూ ఉంది. అయితే ఒక రేషన్ కార్డును ఒక్క మీటరుకే ముడిపెడతారు. ఊళ్లో మీ ఇంటికి ఆ కార్డు వాడుకుంటుంటే రూముకు అది రాదు. దాన్ని నమ్ముకుని లెక్క వేయకండి.

మీ వాడకాన్నీ అంచనా వేయండి. 1,500 వాట్ల రాడ్డు ఇరవై నిమిషాలు పెడితే అర యూనిట్. నలుగురికి రోజుకు రెండు, నెలకు 60. 200 వాట్ల కూలర్ పది గంటలు తిరిగితే రోజుకు రెండు, అదీ నెలకు 60. ఇండక్షన్ స్టవ్ మీద రోజుకు గంట వంటకు 45 దాకా అవుతుంది. వీటిని కలిపి చూస్తే ఏ నెల ఎంత వస్తుందో, ఏది తగ్గించుకోవచ్చో మీకు తెలుస్తుంది.

కలిసి ఉండేవాళ్లే సగం రూము

మంచి రూములో కుదరని మనుషులతో ఉండటం కంటే మామూలు రూములో కుదిరిన మనుషులతో ఉండటం మేలు. దోస్తుతనం వేరు, కలిసి కాపురం వేరు. బడిలో పదేళ్లు పక్కపక్కన కూర్చున్నవాళ్లు కూడా అంట్ల గిన్నెల దగ్గర విడిపోతారు. అందుకని రూము చేరకముందే నలుగురూ కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోండి.

ఎవరు ఎప్పుడు చదువుతారు? ఒకరు తెల్లారి నాలుగింటికి లేచేవారు, ఇంకొకరు రాత్రి రెండింటిదాకా చదివేవారైతే ఒకే గదిలో ఇద్దరికీ నిద్ర ఉండదు. రెండు గదులుంటే చదువు వేళలను బట్టి పంచుకోండి. డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు, గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలు వేర్వేరు నెలల్లో వస్తాయి. ఎవరి పరీక్ష దగ్గర పడితే వాళ్లకు ఆ నెల వంట మినహాయింపు ఇవ్వాలని ముందే అనుకోండి. రూములో కుదరకపోతే జిల్లా గ్రంథాలయం ఎంత దూరమో చూసుకోండి. పగలంతా అక్కడ చదివి రాత్రికి రూముకు వచ్చేవాళ్లకు రూములో నిద్ర ఒక్కటే చూసుకుంటే చాలు.

వంట ఎలా? ఇంటి నుంచి బియ్యం మూట, పచ్చడి, కారం తెచ్చుకుని వండుకోవడం మన రూముల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. కూర మాత్రం కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటే ఎంతవుతుంది, వండుకుంటే ఎంతవుతుంది, వంటకు ఎన్ని గంటలు పోతాయి అన్నది రాసి చూసుకోండి. వంతులు పెట్టుకుంటే ఒక్కొక్కరికి నాలుగు రోజులకోసారి పని పడుతుంది. గ్యాస్ విషయంలో పొదుపు చేయొద్దు. దుకాణాల్లో పెద్ద బండ నుంచి చిన్న బండలోకి గ్యాస్ నింపించుకోవడం ప్రమాదం. కంపెనీలే అధికారికంగా 5 కిలోల సిలిండర్లు అమ్ముతున్నాయి, గుర్తింపు కార్డు చూపిస్తే ఏజెన్సీల్లో దొరుకుతాయి. వాటినే తీసుకోండి.

మధ్యలో ఒకరు వెళ్లిపోతే? ఇది ఎవరూ ముందు అడగరు, చివరికి అందరూ గొడవపడేది దీని మీదే. నలుగురిలో ఒకరికి ఉద్యోగం వచ్చిందో, చదువు మానేశారో అనుకోండి. కిరాయి మిగిలిన ముగ్గురి మీద పడుతుంది. వెళ్లేవారు నెల ముందు చెప్పాలి, లేదా తమ స్థానంలో మిగతావాళ్లకు నచ్చిన మనిషిని చూపాలి, అప్పుడే వాళ్ల అడ్వాన్స్ వంతు తిరిగివ్వాలి అని ముందే రాసుకోండి. చుట్టాలు, దోస్తులు వచ్చి ఎన్ని రోజులు ఉండొచ్చు, మందు, సిగరెట్ సంగతేమిటి అన్నవీ అదే కాగితం మీద ఉండాలి.

“మీరేమోళ్లు?” అని అడిగినప్పుడు

రూము వెతికేటప్పుడు చాలామంది పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. కొందరు ఓనర్లు కిరాయి చెప్పకముందే కులం అడుగుతారు, మతం అడుగుతారు. ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఆదివాసీ పిల్లలకు, దళిత పిల్లలకు, ముస్లిం పిల్లలకు ఆ ప్రశ్న ఎలా గుచ్చుకుంటుందో వేరే చెప్పనవసరం లేదు. ఆ ప్రశ్నలో తప్పు అడిగినవారిది. మీలో ఏ లోపమూ లేదు.

కొందరు రూము కోసం అబద్ధం చెప్పి చేరతారు. వాళ్లను నేను నిందించను. కానీ ఆ రూములో ఇంటి పేరు దాచుకుంటూ, ఫోన్‌లో అమ్మతో గోండీలోనో లంబాడీలోనో మాట్లాడటానికి బయటికి వెళుతూ, వండిన కూర వాసన వస్తుందేమోనని కిటికీ మూస్తూ గడిపే గంటలు కూడా మీ చదువు గంటల్లోంచే పోతాయి. తలెత్తుకుని ఉండగలిగే ఇంటికి కాస్త ఎక్కువ కిరాయైనా, కాస్త ఎక్కువ దూరమైనా అది చౌకే. మీ సీనియర్లను, ఊరివాళ్లను, విద్యార్థి సంఘాలను అడిగితే అలాంటి ఇళ్లు తెలుస్తాయి. రూము దొరికినవాళ్లు తర్వాత వచ్చేవాళ్లకు ఆ ఇళ్ల సంగతి చెప్పడం ఒక బాధ్యత.

మాట కాగితం మీదికి రావాలి

ఓనర్ పెద్దమనిషే కావచ్చు. అయినా రాసుకోవాలి. రాత మీ ఇద్దరి జ్ఞాపకాన్నీ కాపాడుతుంది. కిరాయి ఎంత, ఏ తేదీకి, అడ్వాన్స్ ఎంత, అందులో ఏమేం కోస్తారు, కరెంటు యూనిట్ రేటు, నీళ్లు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి ఒక్క పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు. కిరాయి ఒప్పందాలు మామూలుగా 11 నెలలకు రాస్తుంటారు. వేరే ఒప్పందం లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం నెలవారీ కిరాయిని ముగించాలంటే ఓనరైనా మీరైనా 15 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాస ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించొద్దంటుంది. రాష్ట్రం అమలు చేస్తేనే అది చట్టమవుతుంది కానీ, బేరమాడేటప్పుడు ఆ అంకె మీకు పనికొస్తుంది.

డబ్బులు ఫోన్‌పేలో పంపితే ఏ నెల కిరాయో అందులో రాయండి, నగదు ఇస్తే రసీదు తీసుకోండి. చేరిన రోజే గోడలు, ఫ్యాన్లు, నల్లాలు, మీటరు రీడింగ్ ఫొటోలు తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకండి, జిరాక్సు చాలు. గొడవ పెద్దదైతే జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అక్కడ న్యాయ సహాయం ఉచితం. హెల్ప్‌లైన్ 15100. ఆడపిల్లలకు ఆపదొస్తే 100, 181 నంబర్లు గుర్తుండాలి.

ఈ వారం మీరు చేయాల్సింది

కనీసం మూడు రూములు చూడండి. ఒక్కోదానికి నోటుబుక్కులో ఒక పేజీ కేటాయించి ఇవి రాయండి:

1. నెలకు మీ వంతు మొత్తం: కిరాయి, కరెంటు, నీళ్లు, గ్యాస్, తిండి, బస్సు లేదా ఆటో.
2. రోజుకు పోయే గంటలు: ప్రయాణం, నీళ్లు, బాత్రూం వంతు, వంట.
3. మే నెల మధ్యాహ్నం, జనవరి తెల్లవారుజాము ఆ రూములో కూర్చుని చదవగలరా?
4. రాత్రి ధైర్యంగా వచ్చి పోగలరా? మీరెవరో దాచుకోకుండా ఉండగలరా?
5. వదిలి వెళ్లాలంటే ఎంత పోతుంది, ఎన్ని రోజులు పడుతుంది?

“రేపు చెప్తానన్నా” అని రెండు ముక్కలు చెప్పి గేటు దాటడం ఈ వారం అలవాటు చేసుకోండి. ఇంకా ఇద్దరు చూసిపోయారని, ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వాలని ఓనర్ తొందరపెట్టినా సరే. ఒక్క రోజు ఆగినందుకు పోయే రూము కంటే, ఆగకుండా తీసుకుని ఏడాదంతా బాధపడే రూము నష్టం ఎక్కువ. నిర్ణయం ఇంటివాళ్లతో మాట్లాడే తీసుకోండి. వాళ్లకు కిరాయి అంకె ఒక్కటే చెప్పకుండా ఈ పేజీ మొత్తం చదివి వినిపించండి. తమ కష్టం ఎక్కడికి పోతుందో తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

చివరికి రెండు రూములు సమానంగా తేలితే, ఐదో ప్రశ్నకు మంచి జవాబున్నదాన్ని తీసుకోండి. మొదటిసారి రూము చూసేవారికి అన్నీ కనపడవు, కొన్ని ఉండి చూస్తేనే తెలుస్తాయి. తక్కువ నష్టంతో వదిలి రాగలిగిన రూములో చేరితే, పొరపాటు పడినా రెండో సెమిస్టర్‌కల్లా దిద్దుకోవచ్చు.